చూసి కూడా ఊదని ఈల

అనగనగా వాగుకు అటూ ఇటూ పరుచుకున్న ఒక అడవి. వాగుకు ఇవతలి జంతువులది ఒక జట్టు, అవతలి జంతువులది ఇంకో జట్టు. ఏటా వానలు తగ్గాక రెండు జట్లూ వాగుకు ఇవతలి పచ్చిక మైదానంలో బంతాట ఆడేవి. గడ్డితో చుట్టిన బంతిని ఎదుటివాళ్ల గీత దాటిస్తే గెలుపు.

ఆ ఆటలో ఒక్క నియమం మాత్రం చాలా గట్టిది. బంతి కోసం భుజంతో తొయ్యొచ్చు గానీ, తలతో ఎదుటివాడి తలను కొట్టకూడదు. కొట్టినవాడు ఆటలోంచి వెళ్లిపోవాల్సిందే.

తీర్పు చెప్పేది సింగన్న అనే ముంగిస. అతని మెడలో వెదురు ఈల వేలాడుతుండేది. అతని ఇల్లు వాగుకు ఇవతలే ఉన్నా, ఇన్నేళ్లలో అతని మాటను ఎవరూ కాదనలేదు.

ఆ ఏడు ఆట మొదలైన కాసేపటికే అవతలి జట్టు దుప్పి చుక్కన్న బంతిని నోట కరుచుకుని దూసుకొచ్చాడు. ఇవతలి జట్టు అడవిదున్న కొండయ్య ఎదురొచ్చి, తల వంచి, నేరుగా అతని తలకే గుద్దాడు.

చుక్కన్న కూలిపోయాడు. స్పృహ లేకుండా పడి ఉన్నాడు.

అంతా సింగన్న కళ్లముందే జరిగింది. ఈలను నోటిదాకా తెచ్చుకున్నాడు.

"కొండయ్య లేకపోతే మనం ఓడిపోతాం, సింగన్నా," అన్నారు ఇవతలి గట్టు మీద ఆట చూస్తున్నవాళ్లు.

సింగన్న ఈల దించేశాడు. "పొరపాటున తగిలింది. ఆడండి," అన్నాడు.

అవతలి జట్టు అడవిపంది కోరయ్య దగ్గరికొచ్చాడు. "నువ్వు పక్కనే ఉన్నావు కదా. ఏం చూశావో చెప్పు."

"చెప్పానుగా," అన్నాడు సింగన్న, నేల చూపులు చూస్తూ.

కాసేపటికి కోరయ్య భుజం కొండయ్యకు తగిలింది. గట్టు మీద మళ్లీ గోల. ఈసారి సింగన్న ఈల ఊది కోరయ్యను బయటికి పంపేశాడు.

అవతలివాళ్లు కోపంతో ఇవతలి జట్టు మీద పడ్డారు. ఆ తర్వాత బంతిని ఎవరూ పట్టించుకోలేదు. దుమ్ములో తలలు తలలను ఢీకొన్నాయి. సింగన్న ఈల ఊదుతూనే ఉన్నాడు.

"ఇందాక ఊదని ఈల ఇప్పుడెందుకు?" అంటూ అవతలి జట్టు మనుబోతు అతన్ని దాటుకుని కొండయ్య మీదికి పరుగెత్తింది. మరుక్షణం కొండయ్య కొమ్ము విరిగి, నెత్తురోడుతూ పడిపోయాడు. అది చూసి కొట్లాట ఆగిపోయింది.

అప్పటికి, తల్లి పక్కకు లాగి పడుకోబెట్టిన మైదానం అంచున చుక్కన్న కళ్లు తెరిచాడు. తల్లి అతని మొహం నాకుతూ, "నేనురా, అమ్మను," అంది.

చుక్కన్న ఆమె వంక అదోలా చూశాడు. "ఎవరు నువ్వు?" అన్నాడు.

సింగన్న మెడలోని ఈల తీసి నేల మీద పెట్టాడు. అందరికీ వినబడేలా, "కొండయ్య తలకే కొట్టాడు. నేను చూశాను. కోరయ్య తప్పేమీ లేదు," అన్నాడు.

"ఆ మాట అప్పుడే అనుంటే, మీ కొండయ్య కూడా తన కాళ్ల మీద తను ఇంటికి వెళ్లేవాడు," అన్నాడు కోరయ్య.

చుక్కన్న తల్లి మాత్రం ఎవరి మాటా వినలేదు. "ఇది వాగు. జాగ్రత్తగా దిగు. మన ఇల్లు అవతల ఉంది," అని ఒక్కొక్కటే చెబుతూ కొడుకును నడిపించుకుపోయింది.

నీతి: మనవాళ్లను గెలిపించాలని నిజం దాస్తే, ఎదుటివాళ్లతో పాటు మనవాళ్లూ దెబ్బతింటారు.