ఇరవై ఎర్ర గళ్ళు

సముద్రం పక్కన కొండ మీద కట్టిన ఒక విశ్వవిద్యాలయంలో పరంధామయ్య అనే ఉద్యోగి అర్థశాస్త్ర విభాగం కంప్యూటర్ గదిని చూసుకుంటూ ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, తనకు అప్పగించిన వస్తువును ఇంకొకరు ముట్టుకుంటే మాత్రం ఓర్చుకోలేకపోయేవాడు.

అందుకు కారణం లేకపోలేదు. ఆ గదిలోని పాత కంప్యూటర్లకు ఏ గతి పట్టిందో ఆయన కళ్ళారా చూశాడు. మీటల సందుల్లో మిక్చరు పలుకులు దొరికేవి. ఒక మహానుభావుడు యంత్రం మీద టీ ఒలకబోసి, చప్పుడు చేయకుండా కుర్చీ మార్చుకున్నాడు. తొమ్మిదేళ్ళు అర్జీల మీద అర్జీలు పెడితే చివరికి ఇరవై కొత్త కంప్యూటర్లు వచ్చాయి. పరంధామయ్య వాటికి గుడ్డ తొడుగులు కుట్టించాడు. పొద్దున్నే వచ్చి ఒక్కోదాన్నీ చంటిపిల్ల ముఖం తుడిచినట్టు తుడిచేవాడు. విద్యార్థులు వస్తే ఒకరోజు సర్వర్ పని చేయడం లేదనేవాడు, ఇంకొకరోజు లోపల పరీక్ష జరుగుతోందనేవాడు. పాపం, వాళ్ళు నమ్మి వెళ్ళిపోయేవారు.

ఆ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్లకు కరువు లేదు. ఎక్కడ ఖాళీగా ఉన్నాయో తెలియకపోవడమే కరువు. కొండ పైనా కిందా కలిపి పన్నెండు భవనాలు. ఒక దరఖాస్తు పంపాలన్నా, నాలుగు పేజీలు టైపు చేయాలన్నా పిల్లలు ఎండలో ఒక భవనం నుంచి ఇంకో భవనానికి తిరిగి, మెట్లెక్కి దిగి, ఉసూరుమంటూ హాస్టలుకు పోయేవారు. ఈ అవస్థ చూడలేక కంప్యూటర్ కేంద్రంలో పనిచేసే మృదుల అనే ఇంజనీరు ఒక పటం తయారు చేసింది. అందులో కొండంతా కనిపిస్తుంది. భవనం మీద వేలు పెడితే అంతస్తులు తెరుచుకుంటాయి. అంతస్తు మీద వేలు పెడితే గదులు, తలుపులు, బల్లలు ఎక్కడివక్కడ గీసి ఉంటాయి. ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో గడి. ఖాళీగా ఉంటే పచ్చరంగు, ఎవరైనా తమ నంబరుతో లోపలికి ప్రవేశించి పని చేసుకుంటుంటే ఎర్రరంగు, ఆపేసి ఉంటే బూడిదరంగు. ఈ పటం గ్రంథాలయం ముందు పెద్ద తెర మీదా, గేటు దగ్గర కాపలా గదిలోనూ, అందరి ఫోన్లలోనూ కనిపించేది.

పిల్లలు మృదులను దీవించని రోజు లేదు. వాళ్ళకన్నా ఎక్కువ సంబరపడింది గేటు దగ్గర కాపలా ఉండే దాలినాయుడు. అతనికి అక్షరం ముక్క రాదు. ఫలానా భవనం ఎక్కడని అడిగితే చేయి చాపడం తప్ప ఇన్నేళ్ళలో పిల్లలకు ఇంకేమీ చెప్పలేకపోయాడు. ఇప్పుడు రంగులు చూసి, ఎక్కడ ఏ కిటికీ పక్కన పచ్చగడి ఉందో గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. వారం తిరిగేసరికి పన్నెండు భవనాల గదులూ, బల్లలూ అతనికి కంఠతా వచ్చేశాయి. తను కూడా చదువుకునేవాళ్ళకు పనికొస్తున్నానని ఇంటి దగ్గర చెప్పుకుని మురిసిపోయేవాడు.

పటం వచ్చాక పరంధామయ్యకు మాత్రం చిక్కు వచ్చిపడింది. మొదట్లో కంప్యూటర్లన్నీ ఆపేసి ఉంచాడు. నెల తిరక్కుండానే, కొత్త యంత్రాలు ఇరవైకి ఇరవై ఎందుకు ఆగి ఉన్నాయో చెప్పమని రిజిస్ట్రారు గారి నుంచి కాగితం వచ్చింది. పరంధామయ్య రెండు రోజులు బుర్ర గోక్కున్నాడు. మూడో రోజు ఉపాయం తట్టింది. పటానికి మనిషి కనిపించడు కదా, నంబరు కొట్టి లోపలికి ప్రవేశిస్తే చాలు, మనిషి ఉన్నట్టే లెక్క. అప్పటి నుంచి ఆయన పొద్దున్నే ఇరవై కంప్యూటర్లలోనూ తన నంబరే కొట్టి వదిలేసేవాడు. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే తమంతట తామే ఆగిపోయే ఏర్పాటు ఉంటే, దాన్ని కూడా తీసేశాడు. ముందు తలుపుకు లోపల గడియ వేసి, వెనక వరండాలోని తలుపు గుండా బయటికి వచ్చి, దానికి తాళం పెట్టి, తాళంచెవి జేబులో వేసుకునేవాడు. ఇక పటంలో చూస్తే ఇరవై ఎర్ర గళ్ళు. తలుపు తడితే లోపల గడియ. వచ్చినవాళ్ళు గది నిండిపోయిందనుకుని వెనక్కి తిరిగేవారు.

పైగా ఈ పనికి ఆయనకు మెప్పు కూడా దక్కింది. అన్ని విభాగాలకన్నా ఎక్కువ వాడుకలో ఉన్న గది అదేనని రిజిస్ట్రారు గారు సమావేశంలో పేరు పెట్టి పొగిడారు. పక్కనే కూర్చున్న మృదుల, మీలాంటివాళ్ళ వల్లే నా పటానికి విలువ వచ్చిందని చెప్పి నమస్కారం పెట్టింది. ఆ నమస్కారం పరంధామయ్యకు గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది. అయినా ఎవరికి ఏం నష్టం జరిగిందిలే అని సర్దిచెప్పుకున్నాడు. మనకు ఇష్టమైన తప్పుకు సాకు వెతకడంలో అందరమూ గట్టివాళ్ళమే.

ఒకరోజు మధ్యాహ్నం పరంధామయ్య క్యాంటీన్‌లో క్యారియర్ విప్పి పెరుగన్నం కలుపుకుంటున్నాడు. అర్థశాస్త్ర భవనం వైపు నుంచి కేకలు వినిపించాయి. తలెత్తి చూస్తే మొదటి అంతస్తు నుంచి నల్లటి పొగ లేస్తోంది. తన గది పక్కనే పాత జవాబు పత్రాలు పడేసే కొట్టు ఉంది. అందులో ఏదో తీగ కాలి, కాగితాలు అంటుకున్నాయి. పరంధామయ్య చేయి కడుక్కోకుండానే పరుగెత్తాడు. దారి పొడుగునా ఆయనకు ఒకటే ధ్యాస, అయ్యో నా కంప్యూటర్లు, అయ్యో నా కంప్యూటర్లు అని.

భవనం ముందు జనం గుమిగూడి ఉన్నారు. తరగతుల్లోని పిల్లలందరూ దిగిపోయారు. మృదుల ఫోను చేతిలో పట్టుకుని ఆయనకు ఎదురొచ్చింది.

"మీరు బయట ఉన్నారా సార్? మీ గదిలో ఇరవై మంది చిక్కుకుపోయారు," అంది. "తలుపుకు లోపల గడియ పెట్టి ఉండింది. ఎంత పిలిచినా పలకలేదు. పొగకు స్పృహ తప్పి ఉంటారు."

ఆమె చూపించిన ఫోనులో ఇరవై గళ్ళు ఎర్రగా వెలుగుతున్నాయి. భవనానికి కరెంటు తీసేసినా, గదిలోని బ్యాటరీల మీద కంప్యూటర్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. అగ్నిమాపక బండి కొండెక్కడానికి ఇంకా పావుగంట పట్టేలా ఉంది. అంతవరకూ ఆగలేక దాలినాయుడు గేటు దగ్గర నుంచి ఒక్క పరుగున వచ్చాడనీ, తలుపు విరగ్గొట్టి లోపలికి పోయాడనీ, ఆ తరవాత నడవా అంతా పొగ కమ్మేసి ఎవరికీ దారి కనిపించడం లేదనీ మృదుల ఏడుస్తూ చెప్పింది.

పరంధామయ్య జేబులోని తాళంచెవి బయటికి తీశాడు.

"లోపల ఎవరూ లేరమ్మా," అన్నాడు.

"ఇరవై మంది ఉన్నారు సార్, చూడండి."

"ఆ ఇరవై మందీ నేనేనమ్మా," అన్నాడు పరంధామయ్య.

అంతమందిలో ఆ మాట అనడానికి ఆయనకు సిగ్గు అడ్డం రాలేదు. సిగ్గుపడే తీరిక కూడా లేదు. భుజం మీది తువాలు కుళాయి కింద తడిపి ముక్కుకు కట్టుకుని, వెనక వరండా మెట్ల వైపు పరుగుతీశాడు. తాళం తీసి తలుపు తోశాడు. పొగ గుప్పున ముఖానికి కొట్టింది. ఏమీ కనిపించలేదు. కానీ ఆ గదిలో ఏ బల్ల ఎన్ని అడుగుల దూరంలో ఉందో ఆయనకు కళ్ళు మూసుకున్నా తెలుసు. నేల మీద పాకుతూ, "నాయుడూ, లోపల ఎవరూ లేరు, వచ్చెయ్యి," అని కేకలు పెట్టాడు.

నడిమి వరుసలో బల్ల కింద నుంచి దగ్గు వినిపించింది. దాలినాయుడు మోకాళ్ళ మీద ఉన్నాడు. ఒక్కో బల్ల కిందా రెండు చేతులతో తడుముతున్నాడు. పరంధామయ్య భుజం పట్టుకుని లాగితే విదిలించుకున్నాడు.

"ఇరవై మంది ఉన్నారు బాబూ," అన్నాడు దగ్గుతూనే. "ఒక్కరూ సేతికి తగల్నేదు. ఇంకా రెండు వరసలున్నాయి."

ఆ రెండు వరుసలూ వెతక్కుండా అతను కదిలేలా లేడు. పరంధామయ్య అతన్ని రెక్క పట్టుకుని బలవంతంగా ఈడ్చుకుంటూ వెనక తలుపు దాకా తీసుకొచ్చాడు. వరండాలోకి రాగానే దాలినాయుడు మెట్ల మీదే కూలబడి స్పృహ కోల్పోయాడు.

ఆ రాత్రి ఏమవుతుందో చెప్పలేమన్నారు ఆసుపత్రి వైద్యులు. పరంధామయ్య అక్కడి నుంచి కదల్లేదు. దాలినాయుడి భార్య వచ్చి, మా ఆయన్ని బయటికి లాక్కొచ్చింది మీరేనటగా, మీ కడుపు చల్లగుండాలి అంటూ చేతులెత్తి మొక్కింది. ఆ దండం అందుకోలేక ఆయన తల వంచుకున్నాడు. అసలు సంగతి ఉన్నది ఉన్నట్టు ఆమెకు చెప్పేశాడు. ఆమె ఎత్తిన చేతులు దించేసింది. తరవాత, మా ఆయన లేచి కూర్చున్నాక ఈ మాట ఆయనకే చెప్పండి అని మాత్రం అంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది పరంధామయ్యకు.

మూడో రోజు పొద్దున దాలినాయుడు కళ్ళు తెరిచి గంజి తాగాడు. గండం గడిచిందని వైద్యుడు చెప్పగానే పరంధామయ్య అందరి ముందే ఏడ్చేశాడు. తన జీవితంలో ఏ దేవుడికీ, ఏ మనిషికీ అంత రుణపడ్డట్టు ఆయనకు ఎన్నడూ అనిపించలేదు. మంచం పక్కన కూర్చుని, ఇరవై గళ్ళ సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పుకున్నాడు. "లేని మనుషుల కోసం నిన్ను చావు దాకా పంపించాను నాయుడూ. నన్ను ఏమైనా అను," అన్నాడు.

దాలినాయుడు దిండుకు ఆనుకుని మెల్లగా లేచి కూర్చున్నాడు. మాట్లాడితే ఇంకా ఆయాసం వస్తోంది.

"ఒక్కో బల్ల కింద సెయ్యెట్టినప్పుడల్లా, ఏ తల్లి పిల్ల తగుల్తాదో అని బయపడి సచ్చినాను బాబూ," అన్నాడు. "ఎవరూ నేరన్న మాట ఇన్నాక పేణం నెమ్మదించింది. ఆ కుర్సీలన్నీ కాళీగా ఉన్నందుకు ఆ బగవంతుడికి దండమెట్టుకున్నాను. నాకు కోపం నేదు."

కొంచెం ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నాడు: "కానీ ఒక్క మాట. మీకు సదువుంది, తప్పో ఒప్పో సూసి తెలుసుకుంటారు. నాకు ఆ రంగులే సదువు. ఎరుపంటే మనిసే అనుకుంటాను. రేపు మళ్ళా ఎరుపు కనిపించినా, నాను మళ్ళా ఎల్తాను."

పరంధామయ్య ఆ కాళ్ళు పట్టుకోబోతే దాలినాయుడు వారించాడు. ఆసుపత్రి నుంచి ఆయన నేరుగా రిజిస్ట్రారు గారి దగ్గరికి వెళ్ళి, ఎవరూ అడగకముందే తన తప్పంతా రాసి ఇచ్చాడు. చేసిన తప్పు ఆయన సర్వీసు పుస్తకంలోకి ఎక్కింది. సమావేశంలో దక్కిన మెప్పు వెనక్కి పోయింది. రిజిస్ట్రారు గారు కేకలేస్తున్నంతసేపూ ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంత తక్కువతో పోయినందుకు లోలోపల దండం పెట్టుకుంటూనే ఉన్నాడు.

గదికి సున్నం వేసి మళ్ళీ తెరిచిన రోజున పరంధామయ్య ముందు తలుపు లోపలి గడియను ఊడబీకించాడు. తొడుగులన్నీ తీసేసి, ఇరవై కంప్యూటర్లలో నుంచీ తన నంబరు తీసేసి, పక్కన నిలబడ్డాడు. పటంలో గళ్ళన్నీ ఒక్కటొక్కటిగా పచ్చబడ్డాయి. పావుగంట గడవకముందే పిల్లలు బిలబిలమంటూ వచ్చి కూర్చున్నారు. ఒక అమ్మాయి బస్సు టైముకు దరఖాస్తు పంపగలిగానని, వెళ్తూ వెళ్తూ ఆయనకు దండం పెట్టింది. ఈసారి ఆ దండం ఎక్కడా గుచ్చుకోలేదు.

అబద్ధం ఆడినవాడు దాన్ని పొద్దున్నే ఆడి మధ్యాహ్నానికి మరిచిపోతాడు, కానీ నమ్మినవాడు తన ప్రాణాన్ని దాని మీదే పెట్టి నడుస్తాడు. కాబట్టి పదిమంది చూసి నడుచుకునే చోట ఉన్నది ఉన్నట్టే చూపించాలి.