కోదండపాణి స్టేడియం దిగేవాళ్లు

మా గురువు రామభద్రయ్యగారు ఏదడిగినా ఒక పట్టాన జవాబు చెప్పరు. మాకది అలవాటే, ఆశ్రమం లెక్కలు చూసే శేషాచలానికి మాత్రం విసుగు. ఆ పొద్దున అతడు సంగతి తేల్చుకునే పోవాలని వచ్చాడు. ఆశ్రమంలోని సూరమ్మ భోజనశాలను ఒక సిమెంటు కంపెనీ కొత్తగా కట్టిస్తానంది, తన పేరు పెడితే చాలునట. సూరమ్మ గురువుగారి అక్కగారు. పోయేదాకా మా అందరికీ ఆవిడే వండిపెట్టింది.

"పేరుదేముందండీ, పెట్టేది అన్నమే కదా," అన్నాడు శేషాచలం.

గురువుగారు కిందటి శనివారం తాము ఎక్కిన సిటీ బస్సు సంగతి ఎత్తుకున్నారు. పక్క సీట్లో రత్నమాంబ అనే పెద్దావిడ కూర్చుందట. ఆమె భర్త కోదండపాణి ముప్ఫయ్యేళ్లు ఊరి పిల్లలకు వాలీబాల్ నేర్పాడు. ఆయన పోయాక స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. పెళ్లయి అత్తవారింట అడుగుపెట్టిననాడు, గడప దగ్గర ఆడపడుచులు అడ్డం నిలబడితే ఆవిడ మొగుడి పేరు ఒక్కసారి చెప్పింది. మళ్లీ ఎన్నడూ నోట రానివ్వలేదు. ఇప్పుడు ఇంట్లో ఆ పేరు పలికేవాళ్లు లేరు. అందుకని ప్రతి శనివారం బస్సెక్కేది. "కోదండపాణి స్టేడియం దిగేవాళ్లు రండి," అని కండక్టరు కేకేస్తే విని, దిగి, ఎదురుగా వచ్చే బస్సులో ఇంటికి వెళ్లిపోయేది. పాపం, వారమంతటికీ ఆ ఒక్క కేకే ఆమెకు తోడు.

ఆ శనివారం కండక్టరు, "సుదీప్తి పెయింట్స్ ఎరీనా," అని కేకేశాడు. స్టేడియం గేటు మీద కొత్త బోర్డుంది. ఆవిడ లేవలేదు.

"ఎప్పుడూ ఇక్కడే దిగుతారు కదమ్మా," అన్నాడు కండక్టరు.

"ఇది కాదు బాబూ. నేను దిగాల్సింది..." అని ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "కోదండపాణి స్టేడియం," అంది.

"అదే ఇది. ఆ పేరు తీసేశారమ్మా."

గురువుగారు అక్కడ ఆపేశారు. శేషాచలం ఉండబట్టలేక, "దిగిందా?" అన్నాడు.

"లేదు. ఆఖరి స్టాపు దాకా వచ్చింది. ఆ పేరే మెల్లగా అనుకుంటూ కూర్చుంది. నేను అనుకుంటే ఎవరో పిలిచినట్టు లేదండీ, అంది నాతో."

శేషాచలం భోజనశాల వైపు చూశాడు. "మరి మన బోర్డు విప్పించమంటారా?"

"విప్పించు నాయనా," అన్నారు గురువుగారు. "విప్పేముందు దానిమీది పేరు ఒకసారి గట్టిగా చదువు. నేను వింటాను."