అమ్మవారు పోసిన నీలం చేప

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు, ఆ ఊళ్ళో పోలమ్మ అని ఒక ముసలావిడ. ఊరి పేరడక్కు బుజ్జీ, నాకూ గుర్తు లేదు. ఊఁ కొడుతూ విను, చాలు.

పోలమ్మ నలభై ఏళ్ళు చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగింది. ఏ చేప ఎప్పుడు పట్టారో వాసన చూసి చెప్పేసేది. అలాంటామె ఇంట్లో కోడలు మరిడమ్మ ఏం చేసిందో తెలుసా? ముందు గదిలో పెద్ద అద్దాల తొట్టి పెట్టించి, సముద్రపు నీళ్ళు పోసి చేపల్ని పెంచింది. పోలమ్మకి నవ్వాగలేదు. చేపని పులుసు పెట్టుకుంటారు గానీ పెంచుకుంటారా అని ఊరంతా చెప్పుకుని నవ్వింది. ఆ తొట్టి వంక సరిగా చూసింది కూడా కాదు.

ఆ తొట్టిలో ఒకప్పుడు డజను చేపలుండేవి. ఓ రోజు మరిడమ్మ ముచ్చటపడి ఒక కొత్త చేపని తెచ్చి తిన్నగా అందులో వదిలింది. దాని ఒంట్లో ఏదో జబ్బుంది. వారం తిరక్కుండా చేపలన్నీ ఒక్కొక్కటే తేలిపోయాయి. ఒక్క ఎర్ర చేపల జంట మిగిలింది. మరిడమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి పోలమ్మ కొడుకు అప్పన్న వలలో ఒక నీలం చేప పడింది. అదేం నీలమో, చెప్పడం నా వల్ల కాదు. తోక మాత్రం పసుపు. అప్పన్నకి చంపబుద్ధి పుట్టలేదు. డబ్బా నీళ్ళల్లో వేసి పెళ్ళానికి తెచ్చిచ్చాడు.

మరిడమ్మ ఈసారి తొందరపడలేదు. వసారాలో వేరే చిన్న తొట్టి పెట్టింది. అప్పన్న తెప్ప మీద దూరం నుంచి తెచ్చిన నీళ్ళు పోసింది. గాలి బుడగలొచ్చే మోటారు పెట్టింది, దాక్కోవడానికి ఒక గొట్టం ముక్క వేసింది. ఆ నీళ్ళు చేపకి అలవాటవ్వాలని చుక్క చుక్కగా డబ్బాలోకి వదిలి, అప్పుడు చేపని తొట్టిలో వేసింది. దానికి వేరే వల, వేరే చెంబు. ఇది ముట్టుకున్న చేత్తో పెద్ద తొట్టి ముట్టుకోకూడదు. నలభై రోజులు చూసి, ఏ జబ్బూ లేదని తేలాకే లోపలికి అంది.

పోలమ్మకి ఇది బొత్తిగా నచ్చలేదు. ఇంటికి కొత్తగా వచ్చినదాన్ని కాళ్ళు కడిగి లోపలికి తీసుకెళ్ళాలి గానీ వసారాలో కూర్చోబెడతారా అని సణిగింది. చేపకి కాళ్ళెక్కడివని నవ్వుతున్నావు కదూ? నవ్వు, నవ్వు.

అప్పుడు ఎనిమిదో రోజున నీలం చేప ఒంటినిండా తెల్లటి పొక్కులు లేచాయి, ఉప్పు చల్లినట్టు. చూడగానే పోలమ్మకి పాత రోజులు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు అప్పన్నకి అమ్మవారు పోస్తే ఇలాగే లేచాయి. వాణ్ణి వేరే గదిలో పడుకోబెట్టి, గుమ్మానికి వేపమండలు కట్టి, తొమ్మిది రోజులు కంటికి రెప్పలా కాచుకుంది. కోడలు చేస్తున్నదీ అదేనని ఆమెకి అప్పుడు తట్టింది.

తట్టాక ఊరుకుంటుందా? మరిడమ్మ బజారుకి వెళ్ళగానే గుప్పెడు వేపాకు, గుప్పెడు పసుపు ఆ నీళ్ళల్లో కలిపి దండం పెట్టుకుంది. ప్రేమతోనే చేసింది, పాపం. చేప మాత్రం పక్కకి ఒరిగిపోయింది.

మరిడమ్మ వచ్చి చూసింది. ఇంట్లో మిగిలిన కాసిని సముద్రపు నీళ్ళూ ఒక టబ్బులో పోసి చేపని మార్చింది. అవి ఏ మూలకీ చాలవు. అప్పన్న వేటకి వెళ్ళాడు. పోలమ్మ బిందె తీసుకుని పరిగెత్తింది.

మొదటిసారి ఒడ్డునే ముంచింది. అంతా ఇసక, చెత్త. పారబోసింది. రెండోసారి నడుంలోతుకి దిగింది. కెరటం వచ్చి ఆమెనీ బిందెనీ కలిపి ఒడ్డున పడేసింది. అప్పుడు ఒక తెప్ప తిరిగొస్తుంటే కొంగు ఊపి ఆపింది. నన్ను కెరటాలు దాటించు నాయనా అంది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు తెప్ప ఎక్కరు. అన్నేళ్ళు చేపలమ్మిన పోలమ్మ కూడా ఎన్నడూ ఎక్కలేదు. అయినా ఎక్కింది.

కెరటాలు దాటాక నీళ్ళు అద్దంలా ఉన్నాయి. పోలమ్మ బిందె ముంచబోయి లోపలికి చూసింది. చూస్తే ఏముంది! కింద వెండి చేపలు, వందలు, వేలు, అన్నీ ఒక్కసారే ఇటు తిరుగుతున్నాయి, ఒక్కసారే అటు తిరుగుతున్నాయి. తెప్ప మీది మనిషి, “ముంచు పెద్దమ్మా” అని మూడుసార్లు అంటే గానీ చెయ్యి కదల్లేదు.

ఆ నీళ్ళు గుడ్డతో వడగట్టి పోశారు. పొద్దు వాలేసరికి చేప నిటారుగా నిలబడింది. కానీ పొక్కులు పోలేదు. మరిడమ్మ అప్పుడు అత్తకి విడమరిచి చెప్పింది. ఆ పొక్కుల్లో ఉండేవి కంటికి ఆనని పురుగులట, అవి రాలి అడుక్కి చేరతాయట, ఒకటికి వందై మళ్ళీ లేస్తాయట. అవి లేవకముందే చేపని కొత్త నీళ్ళల్లోకి మార్చి, పాత టబ్బు కడిగి ఎండబెట్టాలట. ఆ తర్వాత ప్రతి మూడో రోజూ పోలమ్మే తెప్పెక్కి నీళ్ళు తెచ్చింది. అలా నాలుగు మార్పులయ్యాయి. చేప ఒంటి మీద ఒక్క పొక్కు లేదు. అయినా మరిడమ్మ మళ్ళీ ఒకటి నుంచి నలభై రోజులు లెక్కపెట్టింది.

నలభయ్యో రోజు చేప ఉన్న చెంబుని అత్త చేతికిచ్చి, మీరే వదలండి అంది. పోలమ్మ తన చేతుల వంక చూసుకుంది. ఈ చేతులతోనే కదా దీని ప్రాణం తీయబోయాను అనుకుంది. మెల్లగా వంచింది.

నీలం చేప జారింది. ఎర్ర చేపలు రెండూ ఎదురొచ్చి, దాని చుట్టూ ఒక చుట్టు తిరిగాయి. కిటికీలోంచి ఎండ పడి ఆ నీలం గోడల నిండా పాకింది. పోలమ్మ నేల మీద కూలబడిపోయింది. కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు.

“ఇన్నేళ్ళూ చచ్చిన చేపల్నే సూసానే కోడలా,” అంది. “చేపంటే ఇదటే!”

కథేమో కంచికి,
చేపేమో నీటికి,
మనమేమో ఇంటికి,
నిదరేమో నీ కంటికి.