పోకర్ బిళ్ళల బ్యాంకు

కొండ మీద కాఫీ తోట, తోట నడుమ ఒక రేకుల షెడ్డు. ముసురు పట్టిందంటే ఆ కొండ మొత్తానికి కాస్త పొడిగా ఉండే చోటు అదొక్కటే. అందుకని వానాకాలం రాగానే ఎద్దూ, మేకా, కోడీ, నక్కా అన్నీ అందులోకే చేరతాయి. నక్కా కోడీ ఒకే కప్పు కిందా అని నోరెళ్ళబెట్టకండి. దానికో ఒప్పందం ఉంది.

తోట మేస్త్రి పిల్లలు వదిలేసిపోయిన బిజినెస్ ఆట ఒకటి ఆ షెడ్డులో ఉంది. అట్ట మీద ఊళ్ళు, ఒక పాచిక, కట్టలకొద్దీ కాగితం నోట్లు. వానలు వెలిసేదాకా జంతువులు ఆ ఆట ఆడుకోవాలి. ఆటలో ఉన్నంతవరకూ ఎవరూ ఎవరినీ తినకూడదు. దివాళా తీసినవాళ్ళు మాత్రం షెడ్డు వదిలి వానలోకి నడవాలి, వాళ్ళకి ఒప్పందం వర్తించదు. బ్యాంకు నక్క చలమయ్యది. నక్క చేతికి బ్యాంకు ఇచ్చారేమిటని అడక్కండి, మనవాళ్ళు ఎప్పుడూ ఇవ్వలేదా? ఎద్దు గిట్టలతో నోట్లు లెక్కపెట్టలేదు, మేకకి నోటుకీ ఆకుకీ తేడా లేదు.

ఆ ఏడు కోడి సింగారమ్మ మూలనున్న బుట్టలో గుడ్లు పొదుగుతోంది. ఆట పోయిందంటే గుడ్లు వదిలేసి వానలోకి పోవాలి. ఆ గుడ్లు ఎవరి పొట్టలోకి పోతాయో చెప్పనక్కర్లేదు. చలమయ్య పాచిక కంటే బుట్ట వైపే ఎక్కువ చూసేవాడు.

ఒకరోజు పొద్దున్నే చూస్తే బ్యాంకు ఖాళీ. మేక గంగులమ్మ తీరిగ్గా నెమరేస్తోంది.

"నోట్లు తిన్నావుటే?" అన్నాడు ఎద్దు గవరయ్య.

"రేకు సందులోంచి నీళ్ళు పడి ముద్దయ్యాయి మావా. ఆరబెడదామని నోట కరుచుకున్నాను. నాలుక ఊరుకోలేదు."

"అన్నీనా?"

"ఐదొందలవి కాస్త చేదు. ఎందుకు పారెయ్యడమని వాటినీ తినేశాను."

చలమయ్య పైకి అయ్యయ్యో అన్నాడు గానీ తోక ఆనందం ఆపుకోలేకపోయింది. "నోట్లు లేకపోతే ఆట లేదు. ఆట లేకపోతే ఒప్పందమూ లేదు. ఇందులో నా తప్పేం లేదు చెల్లెమ్మా," అంటూ బుట్ట వైపు ఒక అడుగు వేశాడు.

సింగారమ్మ గుడ్ల మీదికి ఒదిగింది. రెక్కలు ఇంకాస్త పరుచుకుని కూర్చుంది.

గవరయ్య లేచి ఇద్దరి మధ్యా అడ్డంగా నిలబడ్డాడు. "ఆగరా అల్లుడూ. పోయినవి కాగితాలే, ఆట ఎక్కడికీ పోలేదు. నోట్ల బదులు ఇంకోటి పెట్టుకుందాం."

"కాఫీ గింజలు పెడదాం," అంది మేక.

"నువ్వుండగానా?" అన్నాడు గవరయ్య.

"గులకరాళ్ళు?" అంది కోడి.

"వాగు నిండా అవే కదా చెల్లెమ్మా, మధ్యాహ్నానికల్లా అందరం కోటీశ్వరులం," అన్నాడు నక్క. అన్నది నక్కే అయినా మాట మాత్రం నిజం.

వాసం మీద కూర్చున్న కాకి నూకాలు అప్పుడు నోరు విప్పింది. "పైన గెస్ట్‌హౌస్‌లో పెద్దమనుషులు పేకాడేటప్పుడు డబ్బుకి బదులు గుండ్రటి బిళ్ళలు పెడతారు. పోకర్ బిళ్ళలంట. పాతవి పెరట్లో పారేశారు. రెండు రకాలున్నాయి, తెచ్చి చూపించనా?"

తెచ్చింది. మొదటి రకం పల్చటి ప్లాస్టిక్‌వి. గాలి ఒక్కసారి విసిరేసరికి నాలుగు మూలలకీ ఎగిరిపోయాయి, గవరయ్య పొరపాటున అడుగేస్తే పటుక్కున విరిగాయి. రెండో రకం మందంగా, బరువుగా ఉన్నాయి. కింద పడితే టక్కుమన్నాయి తప్ప పగల్లేదు. గంగులమ్మ ఒకటి కొరికి, పన్ను కదిలిందని ఉమ్మేసింది.

"గాలికి ఎగరదు, తడిస్తే తుడుచుకోవచ్చు, గంగులమ్మ తినలేదు. ఇంతకంటే మంచి డబ్బు ఈ కొండ మీద దొరకదు," అని తేల్చేశాడు గవరయ్య.

కాకి రెక్కలు నొప్పులు పుట్టేలా తిరిగి బిళ్ళలన్నీ చేరవేసింది. ఎవరి వాటా వాళ్ళకి పంచారు. మిగిలినవి బ్యాంకు సొమ్ము. ఆట డబ్బా మూతలో ఎర్రవి ఎడమ వైపు, ఆకుపచ్చవి కుడి వైపు అని చెప్పి పేర్చి పెట్టింది కాకి. ఎర్రది వెయ్యి, ఆకుపచ్చది పది అనుకున్నారు. గెస్ట్‌హౌస్‌లో భోజనాల వేళయిందని కాకి ఎగిరిపోయింది.

గవరయ్య కాసేపు బిళ్ళల్ని చూసి అన్నాడు: "ఒక మాట. నా కళ్ళకి ఎరుపూ ఆకుపచ్చా ఒక్కలాగే ఉంటాయి. సిగ్గేముంది, పుట్టుకతోనే అంతే. ఎర్రవాటి అంచున చిన్న గాటు పెడితే నాలుకతో పోల్చుకుంటాను."

నిజం చెప్పాలంటే చలమయ్య కళ్ళకీ అంతే. వాడికీ అన్నీ ఒకే బురద రంగులో ఉన్నాయి. ఆ మాట ఒప్పుకుంటే బ్యాంకు ఎక్కడ పోతుందోనని వాడి భయం. పైగా ఎద్దుకి తెలియకపోతే మోసం చెయ్యడం ఎంత తేలిక! ఎర్రవి ఎడమ వైపున్నాయని కాకి అంటే విన్నాడు కదా, అది గుర్తుంటే చాలుననుకున్నాడు.

"నిగనిగలాడే సరుకుకి గాట్లేమిటి మావా, నేను లేనూ? నా కళ్ళు కాగడాలు. ఇంకో మాట, బ్యాంకు చెయ్యి దాటిన బిళ్ళ మళ్ళీ వెనక్కి రాదు. ఇచ్చాక నాతో పేచీలు పెట్టుకోకండి."

సరేనన్నారు. ఆట మొదలైంది. చలమయ్య బొంబాయి కొన్నాడు, సింగారమ్మ అక్కడే పోయి ఆగింది. అద్దె కట్టేసరికి ఆమె దగ్గర బిళ్ళలు దాదాపు అయిపోయాయి. వాన ఎంతసేపట్లో తగ్గుతుందో చూద్దామని చలమయ్య గుమ్మం దాకా వెళ్ళాడు. ఆ కాస్త సేపట్లో గంగులమ్మ, మూత కింద ఆకులేమైనా ఉన్నాయేమోనని మూతితో నెట్టి, దాన్ని అటుదిటూ ఇటుదటూ తిప్పేసింది.

నక్క వచ్చి కూర్చున్నాడు.

"అన్నా, మూత ఒకసారి చూసుకో," అంది సింగారమ్మ.

"నా బ్యాంకు నాకు తెలియదా?"

"ఎర్రవి ఎటున్నాయో చూసుకోమంటున్నాను."

"ఉన్న చోటే ఉన్నాయి. నువ్వు గుడ్లు చూసుకో, నేను బ్యాంకు చూసుకుంటాను."

సింగారమ్మ వాడి మొహంలోకి తేరిపార చూసింది. సంగతి అర్థమైంది. పాచిక అందుకుంది.

అప్పటినుంచి చూడాలి తమాషా! ఒక చుట్టు పూర్తిచేసినప్పుడల్లా కోడికి జీతం రావాలి. చలమయ్య కుడివైపు నుంచి పదులనుకుని నాలుగైదు తీసి విసిరేవాడు, జీతంలో సగం ఎగ్గొట్టానని మీసాలు దువ్వుకునేవాడు. వచ్చేవి మాత్రం ఎర్ర బిళ్ళలు.

"సరిగ్గా చూసే ఇచ్చావా అన్నా?"

"చూడకుండా ఇస్తానా? పుచ్చుకో!"

ప్రతిసారీ అందరూ వినేలా అడిగింది, ప్రతిసారీ అదే జవాబు. ఇంకోపక్క ఎవరూ చూడటం లేదనుకుని ఎడమవైపు నుంచి గుప్పెడు గుప్పెడు బిళ్ళలు తోక కిందికి తోసుకుంటున్నాడు నక్క. సింగారమ్మ హైదరాబాదు కొంది. ఇళ్ళు కట్టింది. హోటలు కూడా లేపింది. ఇంత సొమ్ము కోడికి ఎక్కడిదని నక్కకి అనుమానం రాలేదు, మనసంతా బుట్ట మీదే ఉంది.

చివరికి చలమయ్య కాయ పోయి హైదరాబాదులోనే ఆగింది. అద్దె చాలా పెద్దది, చేతి బిళ్ళలు ఎప్పుడో ఖర్చయ్యాయి. వాడు నవ్వుతూ బొంబాయి అమ్మిన సొమ్మూ, తోక కింద గుట్టా కలిపి ముందుకు తోశాడు. "తీసుకో చెల్లెమ్మా, నా దగ్గర వెయ్యిలకి కొదవా?"

"ఇవన్నీ పదులన్నా."

"వెయ్యిలు!"

అప్పుడే రెక్కలు విదిలించుకుంటూ వచ్చిన నూకాలు పైనుంచి చూసి, "అన్నీ ఆకుపచ్చవే కదా, వెయ్యిలంటావేమిటి?" అంది.

చలమయ్య మూత వైపు ఒకసారి, కోడి వైపు ఒకసారి చూశాడు. "అయితే... జీతాల్లో పొరపాటు జరిగింది! కోడికిచ్చినవి వెనక్కి తెప్పించు మావా!"

"వెనక్కి రాదన్నది నువ్వేగా అల్లుడూ," అన్నాడు గవరయ్య. "ఇంతకీ తోక కింద అంత గుట్ట ఎలా మొలిచింది?"

నక్క తోక ముడుచుకున్నాడు. దివాళా తీసినవాడు షెడ్డులో ఉండకూడదు. తలొంచుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, తగ్గు గొంతుతో అడిగాడు:

"చెల్లెమ్మా, ఎరుపంటే ఎలా ఉంటుంది?"

సింగారమ్మకి ఒక్క క్షణం నిజంగానే జాలేసింది. "ఈ ముక్క పొద్దున్నే అడిగి ఉంటే, ఒక్కో బిళ్ళా పేరు పెట్టి చెప్పేదాన్ని కదన్నా."

నక్క వానలోకి నడిచాడు. గవరయ్య వెళ్ళి గుమ్మానికి అడ్డంగా పడుకున్నాడు. ఆ సాయంత్రమే బుట్టలో మొదటి గుడ్డు చిట్లి, తడి తల ఒకటి బయటికొచ్చి కిచకిచమంది.

నీతి: తెలియదని ఒప్పుకున్నవాడికి పదిమంది సాయం వస్తారు, తెలుసని బుకాయించినవాడు తన సొమ్ము తన చేత్తోనే పోగొట్టుకుంటాడు.