పూజలో పెట్టిన తుపాకి

గుట్ట కింద వేరుశనగ చేలోనే ఇల్లు కట్టుకుని కాపురముండే ఓబులేసుకు అన్నీ ఉన్నాయి గానీ, కంటినిండా నిద్రపోయే ధైర్యం మాత్రం ఉండేది కాదు. అడవిపందుల బెడదకని వాళ్ళ నాన్న తీసుకున్న ఒంటిగొట్టం తుపాకి, ఆయన పోయాక ఇతని చేతికొచ్చింది. పందులు చేనంతా తొక్కిపోయినా పట్టించుకునేవాడు కాదు. ఏ దొంగ ఎప్పుడొస్తాడోనని తూటా ఎక్కించి తలుపు పక్కనే ఆనించి పెట్టేవాడు.

భార్య రత్నమ్మకు ఆ తలుపు దాటాలంటేనే ఒళ్ళు జలదరించేది.

"ఆ తూటా తీసి అటక మీద పెట్టయ్యా, నీకు పుణ్యముంటుంది," అనేది.

"నేను తూటా వెతుక్కునేదాకా దొంగ అరుగు మీద కూర్చుంటాడా? నా ఇల్లు కాపాడుకునే హక్కు నాకుంది. సర్కారే లైసెన్సు ఇచ్చింది," అనేవాడు ఓబులేసు.

ఒకసారి ఎన్నికలొచ్చాయి. తుపాకులున్నవాళ్ళందరూ వాటిని పోలీస్ స్టేషన్లో అప్పజెప్పాలంటే, ఇతనూ తప్పక ఇచ్చివచ్చాడు. ఆ రోజుల్లో ఓబులేసుకు అన్నం సయించలేదు. దొంగ కాదు గదా, పిల్లి కూడా ఇంట్లోకి తొంగిచూడలేదు.

"చూశావా ఓబులేసన్నా, ఆ గొట్టం లేకపోయినా నీ ఇల్లు ఎక్కడికీ పోలేదు. ఒక కుక్కను పెంచుకో, చాలు," అని పక్కచేను ఖాసిం నవ్వాడు.

ఓబులేసు వింటేగా? ఎన్నికలయ్యాక తిరిగి ఇస్తామని స్టేషన్ నుంచి కబురు రాగానే పోయి తుపాకి తెచ్చుకున్నాడు.

దసరా వచ్చింది. ఆయుధ పూజనాడు రత్నమ్మ కొడవళ్ళు, పారలు, మందుకొట్టే పంపు అన్నీ కడిగి వసారాలో వరసగా పెట్టింది. తుపాకిని ఓబులేసే తుడిచి గోడకు ఆనించాడు.

"ఈ ఒక్క పూటైనా తూటా తియ్యి," అంది రత్నమ్మ.

"పూజలో ఏదైనా ఖాళీగా పెడతామా? గింజలు కొలిచే శేరులో కూడా నాలుగు గింజలు పోసే కదా పెట్టావు. ఖాళీ తుపాకి పెడితే అరిష్టం. అయినా ఈరోజు ఏ పనిముట్టుకూ పని ఉండదు. అదీ నిద్రపోతుందిలే," అన్నాడు.

అరిష్టం అనేసరికి రత్నమ్మ వెనక్కి తగ్గింది. భయపడుతూనే గొట్టానికి బొట్టు పెట్టి, పొడుగాటి బంతిపూల దండ వేసింది.

పూజ అయింది. టెంకాయ ముక్కలు పంచడానికి ఆమె తట్ట తీసుకుని వాకిట్లోకి దిగింది. అప్పుడే వాళ్ళ మేక తాడు తెంపుకుని వసారా ఎక్కింది. దానికేం తెలుసు పాపం, దానికి కనపడింది బంతిపూలే. దండ నోట కరిచి లాగింది. ఓబులేసు చూసి చెయ్యి చాపేలోపే తుపాకి బండ మీద పడి పేలింది.

అతని చెవులు దిబ్బడ వేశాయి. ఏం జరిగిందో అర్థం కాలేదు. మేక అదిరిపోయి దండ నోట్లో పెట్టుకుని అలాగే నిలబడింది. టెంకాయ ముక్కలు వాకిలంతా చెదిరిపడ్డాయి. వాటి మధ్య రత్నమ్మ కూలబడి తన మోకాలి వంక చూసుకుంటోంది. ఏడవడం కూడా లేదు. "ఇదేందయ్యా," అంది, అంతే. చీర కుచ్చిళ్ళు నెత్తురుతో తడిసిపోతున్నాయి. చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన ఖాసిం ఆమెను ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాడు.

ప్రాణం దక్కింది గానీ ఆ మోకాలు మళ్ళీ వంగలేదు. ఇక చేలో కూర్చుని కలుపు తీసే రాత ఆమెకు లేదు. పోలీసులు తుపాకి పట్టుకెళ్ళారు, కేసు పెట్టారు, లైసెన్సు రద్దయింది. ఆసుపత్రి మంచం పక్కన ఓబులేసు తల వంచుకుని కూర్చుంటే రత్నమ్మే మాట్లాడింది.

"ఇన్నేళ్ళూ నువ్వు దొంగకు భయపడ్డావు. ఆ దొంగ రానే లేదు. నేనేమో ఇంట్లోనే ఉన్న నీ తుపాకికి భయపడ్డాను. నా భయం నీ కంటికి ఆనలేదా?"

ఆ తర్వాత తుపాకి మళ్ళీ కావాలని ఓబులేసు ఎవరినీ అడగలేదు.

ఎప్పుడో వస్తాడనుకునే దొంగ కోసం తూటా ఎక్కించి పెట్టిన తుపాకి, ముందుగా ఎదురయ్యేది ఆ ఇంట్లో తిరిగేవాళ్ళకే. ఇంటిని కాపాడాలనుకునేవాడు మొదట ఇంట్లోవాళ్ళ మాట వినాలి.