ముప్పై సెకన్ల పాలవాగు

శ్రావణమాసంలో ఓ ఆదివారం మారేడుమిల్లి కొండల్లో హైమావతికి అన్యాయం జరిగింది. చేసినవాడు ఆమె సొంత తమ్ముడు మురహరి, తన కెమెరా చూపిందే నిజమనుకునే మనిషి.

ఆ రోజు అతను వాగు ఒడ్డున స్టాండు నిలబెట్టి, షటర్ వేగం మార్చి మార్చి ఫొటోలు తీస్తున్నాడు. షటర్ చటుక్కున మూసుకుంటే ప్రతి నీటిచుక్కా విడిగా పడేది. లెన్సుకు నల్ల అద్దం తగిలించి ముప్పై సెకన్లు తెరిచి ఉంచితే వాగంతా మీగడలా పరుచుకునేది. కదిలేదేదీ బొమ్మలో మిగిలేది కాదు. ఆయనగారికి అదే నచ్చింది.

కొండ ఎంత పెద్దదో తెలియాలని వాగు మధ్య బండ మీద అక్కను నిలబెట్టాడు.

"ఒరే, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. పైన ఎక్కడో వాన పడుతోంది," అంది హైమావతి.

మురహరి అంతకుముందు తీసిన ఫొటో చూసుకున్నాడు. పుల్లా లేదు, ఆకూ లేదు. "ఇక్కడ ఏమీ లేదక్కా. నీకన్నీ అనుమానాలే. కదలకు."

"పెళ్ళిచూపుల్లో కూడా ఇంత బిగుసుకుని కూర్చోలేదురా. కాళ్ళు తడుస్తున్నాయి, వచ్చేస్తా."

"ఇదొక్కటే. కదిలావంటే పొగలా పడతావు."

మీట నొక్కాడు. తమ్ముడి బొమ్మ చెడుతుందని ఆ పిచ్చితల్లి ఊపిరి కూడా బిగబట్టింది. నీళ్ళు చీలమండలు దాటాయి. పిక్కలకు వచ్చాయి. మురహరి కెమెరా మీదకు వంగి సెకన్లు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. అంతలో ఓ చెట్టుకొమ్మ కొట్టుకొచ్చి ఆమె మోకాలికి తగిలింది. హైమావతి జారిపోయింది.

"హరీ!"

అప్పుడు తలెత్తాడు. వాగులోకి దూకాడు. ఆమె చెయ్యి దొరికి జారిపోయింది. కొంగు దొరికింది. దాన్ని మణికట్టుకు చుట్టుకుని, నీళ్ళు మింగుతూ ఒడ్డుకు లాగాడు.

ఊపిరి తిరిగాక ఆమె, "ఏదీ, నీ బొమ్మ చూపించు," అంది.

చూపించాడు. తెల్లగా, నున్నగా వాగు. కొమ్మ లేదు. దూకిన తమ్ముడు లేడు. బండ మీద అక్క ఉండాల్సిన చోట కాస్త పొగ.

"ఎంత ప్రశాంతంగా చచ్చేదాన్నిరా," అంది హైమావతి.

మురహరి ఏడ్చాడు. ఏడవాల్సిందే. ఆమె ఆ ఫొటోను పెద్దది చేయించి ముందుగదిలో తగిలించింది. తమ్ముడు ఎప్పుడొచ్చినా దానికి ఎదురుగానే కుర్చీ వేసేది. దాని కింద ఆమె రాయించిన మాటే ఈ కథకు నీతి: "నీళ్ళలో నిలబడ్డ మనిషి మాట కంటే, ఒడ్డున ఉన్నవాడి చేతిలోని బొమ్మను ఎక్కువ నమ్మకూడదు. 2019 ఆగస్టు 11."