కొండమీది ఇంటికి ముగ్గురు కాపలా

పిల్లలూ, ఇల్లు కాపలా కాయమంటే ఎవరి నుంచి కాయాలి? దొంగల నుంచి అంటారు మీరు. నూకరత్నం వాళ్ళని అడిగితే వేరే జవాబు వచ్చేది. ఎలాగో వినండి.

అనంతగిరి దారిలో, కొండవాలున ఇందుమతి గారికి ఒక ఇల్లుంది. సెలవులకి వచ్చేవాళ్ళకి రెండు మూడు రోజుల చొప్పున అద్దెకిస్తుంది. దాన్ని చూసుకోవడానికి బంగారయ్యని, అతని పెళ్ళాం నూకరత్నాన్ని, తమ్ముడు గవర్రాజుని పెట్టుకుంది. ముగ్గురికీ తమ బుర్రల మీద మహా నమ్మకం. అమ్మగారి మాట పొల్లుపోకుండా చేసే తెలివి ఈ కొండమీద తమకే ఉందని బంగారయ్య టీకొట్టు దగ్గర రోజూ చెప్పుకునేవాడు.

పెరట్లో వాళ్ళకో గది ఇచ్చింది. అది తప్ప తలదాచుకునే చోటు వాళ్ళకి లేదు. వీళ్ళు పనిలో చేరాక మొదటి అతిథులు వచ్చేరోజు ఆవిడ విశాఖ వెళుతూ గట్టిగా చెప్పింది.

"వచ్చినవాళ్ళు సంతోషంగా వెళితే గది మీది. లేదంటే ఖాళీ చెయ్యాలి. నేనొచ్చేసరికి ఇల్లు ఇప్పుడెలా ఉందో అలాగే ఉండాలి."

అంతే. ముగ్గురూ ఇల్లంతా తిరిగి ఏది ఎలా ఉందో చూసి పెట్టుకున్నారు.

మధ్యాహ్నం ఒక మాస్టారు, ఆయన భార్య, అత్తగారు కారు దిగారు. మాస్టారు సోఫాలో కూర్చున్నాడో లేదో గవర్రాజు రెక్క పట్టుకుని లేపాడు. అమ్మగారు వెళ్ళేటప్పుడు సోఫా ఖాళీగా ఉంది మరి. మాస్టారి భార్య ఫ్యాను వేస్తే నూకరత్నం ఆపేసింది. పాపం ముసలావిడ మంచం మీద నడుం వాల్చింది. దుప్పటి ముడత పడిందని నూకరత్నం వేడి ఇస్త్రీపెట్టె పట్టుకుని పక్కనే నిలబడింది. ఇక్కడ మీరొకటి గమనించాలి. పొగరుగా కాదు, ఎంతో మర్యాదగా, "పిన్నిగారూ, కాస్త అటు జరుగుతారా," అనే అడిగింది.

మాస్టారు స్నానానికి వెళ్ళబోతే గోడలు తడుస్తాయని బంగారయ్య తోటలో మొక్కల పైపు చూపించాడు. మాస్టారికి ఒళ్ళు మండింది.

"అసలు మమ్మల్ని ఏం చెయ్యమంటావయ్యా?"

బంగారయ్య బాగా ఆలోచించాడు. "అమ్మగారు వెళ్ళేటప్పుడు ఇంట్లో మీరు లేరండీ," అన్నాడు.

ఇంకేముంది, కారు వచ్చిన దారినే పోయింది. మాస్టారు దారిలోంచే ఇందుమతి గారికి ఫోను చేసి దులిపేశాడు. ఆవిడ తల పట్టుకుని వీళ్ళకి ఫోను చేసింది. ఇంకేమీ చెయ్యొద్దు, తలుపేసుకు కూర్చోండి, ఎవరొచ్చినా, ఏ పేరు చెప్పినా తియ్యకండి అని చెప్పి బయలుదేరింది.

సాయంత్రం జోరువానలో వచ్చి తలుపు కొట్టింది.

"నేనురా, ఇందుమతిని."

"ఏ పేరు చెప్పినా తియ్యొద్దన్నారండి."

"ఆ చెప్పింది నేనే కదరా!"

"మరి మీకు తెలిసుండి కూడా తియ్యమంటారేంటమ్మా?" అన్నాడు బంగారయ్య లోపల్నుంచి.

ఆవిడ తడిసి ముద్దై, చివరికి వంటింటి కిటికీ ఎక్కి లోపలికి దిగింది. ముగ్గురూ అడ్డుపడలేదు. కిటికీ సంగతి ఆవిడ ఏమీ చెప్పలేదుగా!

మూటలు సర్దుకోమంది. నూకరత్నం బావురుమంది. మీరు చెప్పినదాంట్లో మేం చెయ్యనిది ఒక్కటి చూపించండమ్మా అని కాళ్ళు పట్టుకుంది. ఇందుమతి గారు ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు.

"సరే, ఇదే ఆఖరుసారి. రేపు వేరేవాళ్ళు వస్తున్నారు. వాళ్ళున్నన్నాళ్ళూ మీరు వాళ్ళ కంటికి కనిపించకూడదు. కనిపించారో, గది ఖాళీ."

మర్నాడు కొత్త దంపతులు వచ్చారు. ఎవరి గోలా లేదు. అడ్డు చెప్పేవాడు లేడు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో అని ఇద్దరూ మురిసిపోయారు. కడుపునిండా తిన్నారు. ఆయన మంచమెక్కి హాయిగా కాళ్ళు చాపుకున్నాడు.

మంచం కిందనుంచి బంగారయ్య గొంతు వినిపించింది.

"బాబుగారూ, మేం ముగ్గురం మీకు కనిపించట్లేదు కదండీ?"

నవ్వింది చాలు, లేవండి. మజ్జిగ సగం చిలికి వదిలేసి వచ్చాను, పోయి వెన్న తియ్యాలి.